దిగుమతైన పాత కారులో కొత్త స్టీరియో: డ్యాష్‌బోర్డు పాడవకుండా బిగించుకోవడం ఎలా?

పాత దిగుమతి కారులో స్టీరియో మార్చడం చూడ్డానికి చిన్న పనే. నాలుగు స్క్రూలు, రెండు కనెక్టర్లు, ఒక యాంటెన్నా వైరు. అయినా ఇలాంటి కార్లలో డ్యాష్‌బోర్డు విప్పి చూస్తే చాలాసార్లు ఒకటే దృశ్యం: కంపెనీ కనెక్టరును కత్తిరించి పారేశారు, తీగల్ని చేత్తో మెలిపెట్టి టేపు చుట్టారు, రంధ్రం చాలకపోతే ప్లాస్టిక్కును రంపంతో కోశారు. ఆ కారు తయారైంది వేరే దేశపు మార్కెట్టు కోసం. ఆ కనెక్టరు, స్టీరియో చుట్టూ ఉండే ఆ బెజెల్ ముక్క పోతే మళ్ళీ దొరకడం గగనం. అందుకే నేను చెప్పే పద్ధతి అంతా ఒక్క పట్టుదల మీద నడుస్తుంది: కారుతో వచ్చిన ఏ తీగనూ కత్తిరించకూడదు, ఏ ప్లాస్టిక్కునూ కోయకూడదు. ఎప్పుడైనా మనసు మారితే పాత స్టీరియో దాని చోట్లో తిరిగి కూర్చోవాలి.

రెండో మాట: తీగల రంగుల్ని నమ్మొద్దు, మీటరును (మల్టీమీటరు) నమ్మండి. ఎందుకో కింద వివరంగా చెబుతాను.

కొనకముందే కొలవండి

స్టీరియోల ముఖం కొలతలు ప్రధానంగా రెండు రకాలు. సింగిల్ డిన్ అంటే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. డబుల్ డిన్ అంటే వెడల్పు అదే, ఎత్తు 100. జర్మన్ ప్రమాణంగా మొదలై తర్వాత ఐఎస్ఓ 7736గా స్థిరపడిన కొలత ఇది. సింగిల్ డిన్ కోసం డ్యాష్‌బోర్డులో ఉండాల్సిన రంధ్రం 182 మిల్లీమీటర్ల వెడల్పు, 53 మిల్లీమీటర్ల ఎత్తు.

చిక్కంతా కారు వైపు ఉంటుంది. టయోటాల్లో చాలావాటికి రంధ్రం 200 మిల్లీమీటర్ల వెడల్పు. వాటిలో మామూలు స్టీరియో పెడితే రెండు పక్కలా పదేసి మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. దానికి సైడ్ స్పేసర్లని సన్నని ప్లాస్టిక్ ముక్కలు దొరుకుతాయి. 1980లు, 90ల నాటి అమెరికన్ కార్లలో కొన్నింటికి రంధ్రం ఒకటిన్నర డిన్ ఎత్తు ఉంటుంది. వాటికి సింగిల్ డిన్ స్టీరియోతో పాటు కింద చిన్న అర వచ్చే ఫిట్టింగ్ కిట్ కావాలి. కారు మోడలు, తయారైన సంవత్సరం, ఏ దేశపు మార్కెట్టుది అన్న మూడూ చెప్పి కిట్ వెతకండి. మోడలు పేరొక్కటే చాలదు. ఒకే పేరుతో జపాన్‌లో అమ్మిన కారుకూ యూరప్‌లో అమ్మిన కారుకూ డ్యాష్‌బోర్డు వేరుగా ఉండొచ్చు.

వెడల్పు, ఎత్తు అందరూ చూస్తారు. లోతు మర్చిపోతారు. మామూలు సీడీ స్టీరియో వెనక్కి దాదాపు 160 మిల్లీమీటర్లు ఉంటుంది, దాని వెనక కనెక్టర్లకీ తీగల మలుపుకీ ఇంకో నాలుగైదు సెంటీమీటర్లు కావాలి. పాత కార్లలో సరిగ్గా అక్కడే హీటరు గొట్టం ఉంటుంది, గాలి మళ్ళించే మీటల కేబుళ్లు ఉంటాయి. సీడీ ప్లేయరు లేని రకాలు బాగా పొట్టిగా వస్తాయి. పాత కారుకు నా ఓటు వాటికే. తీగలు సర్దుకోవడానికి చోటు దొరుకుతుంది, వేడి కూడా తగ్గుతుంది.

చిన్న విషయమే కానీ రోజూ చేతికి తగిలేది ఇంకోటుంది. వాల్యూం నాబ్ ఎడమ చివర ఉన్న స్టీరియో ఎడమ వైపు స్టీరింగ్ కార్లకు దగ్గరగా ఉంటుంది, కుడి స్టీరింగ్ కారులో డ్రైవరు చేయి చాచాల్సొస్తుంది. కొనేముందు మీ సీట్లో కూర్చుని ఒకసారి ఊహించుకోండి.

ముందుగా ఆగి చూడాల్సిన కార్లు

1960ల నాటి కారైతే స్టీరియో కొనకముందే బ్యాటరీ దగ్గరికి వెళ్ళి రెండు సంగతులు తేల్చుకోండి. బ్యాటరీ ఎన్ని వోల్టులది? ఏ టెర్మినల్ బాడీకి కలిపి ఉంది? 1960ల మధ్య వరకూ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ లాంటి కార్లు 6 వోల్టుల మీద నడిచాయి. ఆ దశాబ్దం చివరిదాకా ఎన్నో బ్రిటిష్ కార్లకు పాజిటివ్ ఎర్త్ ఉండేది, అంటే బాడీకి కలిసేది ప్లస్. ఇప్పటి స్టీరియోలన్నీ 12 వోల్టులు, నెగటివ్ ఎర్త్ కోసం చేసినవి. పాజిటివ్ ఎర్త్ కారులో స్టీరియో లోహపు డబ్బా డ్యాష్‌బోర్డు లోహానికి తగిలితే చాలు, అది షార్టే. అలాంటి కారును ముందు ఆటో ఎలక్ట్రీషియన్‌తో మార్పించుకోవాలి, లేదా వేరుగా చిన్న బ్యాటరీతో నడిచే బ్లూటూత్ స్పీకరుతో సరిపెట్టుకోవాలి.

రెండు పక్కలా రెండు నాబ్‌లు, మధ్యలో చిన్న ముఖం ఉండే పాత షాఫ్ట్ రేడియోల డ్యాష్‌బోర్డులు ఇంకో కోవ. వాటిని డిన్ రంధ్రంగా కోయడం నాకు సుతరామూ ఇష్టం లేదు. పాత రూపంతోనే వచ్చే కొత్త షాఫ్ట్ రేడియోలు ఉన్నాయి, షాఫ్టుల మధ్య దూరం సర్దుకోవచ్చు. అంతకన్నా మంచిది పాత రేడియోను అలాగే ఉంచి, కొత్త స్టీరియోను గ్లవ్ బాక్సులోనో సీటు కిందో దాచడం. ఫోనుతో నడిపించేటప్పుడు దాని ముఖం కనబడకపోతే వచ్చిన నష్టమేమీ లేదు.

డ్యాష్‌బోర్డు విప్పడం

కంపెనీ స్టీరియోకు సెక్యూరిటీ కోడ్ ఉందేమో ముందే చూడండి. తర్వాత ఎప్పుడైనా దాన్ని తిరిగి పెట్టాలంటే ఆ అంకెలు కావాలి. ఇక తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే టెర్మినల్ తీశాక పది నిమిషాలు ఆగండి. లోపలి కెపాసిటర్లలో నిలవున్న కరెంటు దిగిపోవాలి. లోపల పసుపు తొడుగు వేసిన తీగలు, పసుపు కనెక్టర్లు కనబడితే అవి చాలావరకు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని విప్పొద్దు, మీటరు ముల్లు కూడా ఆనించొద్దు.

పాతికేళ్ళు ఎండలో నిలబడిన ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది. స్టీరియో చుట్టూ ఉన్న బెజెల్ ఎక్కువగా వెనక ఉన్న క్లిప్పుల మీద నిలబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు లాగితే క్లిప్పు మొదట్లోనే టప్పున విరుగుతుంది. కారును కాసేపు ఎండలో ఉంచండి, లేదంటే హెయిర్ డ్రయ్యరుతో ఆ చుట్టూ గోరువెచ్చగా అయ్యేదాకా కాచండి. తర్వాత ప్లాస్టిక్ పట్టీని సందులో దూర్చి, ఒక క్లిప్పు వదిలాక దాని పక్కదానికి జరుగుతూ పొండి. స్క్రూడ్రైవరుతో ఎత్తితే అంచు మీద గాటు పడుతుంది, ఆ గాటు కారు ఉన్నన్నాళ్ళూ కనబడుతుంది. గట్టిగా బిగుసుకున్నట్టు అనిపిస్తే బలం పెంచకండి, దాగిన స్క్రూ కోసం వెతకండి. యాష్‌ట్రే వెనక, గడియారం కింద, హీటరు నాబ్‌ల వెనక స్క్రూలు దాచడం ఆ కాలం కార్లకు మామూలే.

జపనీస్ కార్లలో బెజెల్ వచ్చాక స్టీరియోను పట్టుకున్న రెండు పక్కల బ్రాకెట్లు, వాటి 10 మిల్లీమీటర్ల బోల్టులు కనబడతాయి. బ్రాకెట్లను పాత స్టీరియో నుంచి విప్పి కొత్తదానికి పక్కల ఉన్న రంధ్రాలకు బిగిస్తే చాలు. స్టీరియోతో వచ్చే రేకు తొడుగుతో (స్లీవ్) పనే లేదు. స్క్రూలు మాత్రం కొత్త స్టీరియోతో వచ్చినవే వాడండి. పొడవు స్క్రూ లోపలి బోర్డును గుచ్చుతుంది. యూరప్ కార్లలో స్టీరియో ముఖం మీద రెండు పక్కలా చిన్న రంధ్రాలుంటే వాటిలో డిన్ తాళాలని పిలిచే వంపు కడ్డీలు దూర్చి, బయటివైపు కొద్దిగా ఒత్తుతూ లాగితే స్టీరియో జారి వస్తుంది.

స్టీరియో బయటికి వచ్చాక కనెక్టర్ల గొళ్ళెం నొక్కి పట్టుకుని ఊడదీయండి. తీగలు పట్టుకుని లాగొద్దు. వెనక ఉన్నదంతా ఒకసారి ఫోనుతో ఫోటో తీసుకోండి. ఇక్కడ దిగుమతి కార్లకే ప్రత్యేకమైన అదనపు పెట్టెలు బయటపడుతుంటాయి: జపాన్ టోల్ రోడ్ల కోసం పెట్టిన ఈటీసీ రీడరు, టీవీ ట్యూనరు, పాత నావిగేషన్ డబ్బా. వీటికి కరెంటు తరచు స్టీరియో తీగల నుంచే లాగి ఉంటారు. ఎవరో తర్వాత తగిలించినవి కాబట్టి, కంపెనీ తీగ వరకూ వెళ్ళి ఆ అతుకును జాగ్రత్తగా విప్పి, అక్కడ ఇన్సులేషన్ తిరిగి వేయండి.

ఏ తీగ ఏమిటో తేల్చుకోవడం

ఈ పనికి ప్రాణం ఇక్కడే ఉంది, తొందరపడకండి.

బయట కొనే స్టీరియోల తీగల రంగులు చాలావరకు ఒకే పద్ధతిలో ఉంటాయి. పసుపు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు (నిలకడ కరెంటు), గడియారం, మెమరీ దాంతోనే నిలుస్తాయి. ఎరుపు తాళం తిప్పితే వచ్చే ఏసీసీ కరెంటు. నలుపు ఎర్త్. నీలం యాంటెన్నాకు, తెల్ల చార ఉన్న నీలం యాంప్లిఫయరుకు. నారింజ రంగు లైట్లు వేస్తే స్టీరియో వెలుతురు తగ్గడానికి. స్పీకర్లకు తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల చార ఉన్న జోడు తీగ ఆ స్పీకరు మైనస్.

ఇప్పుడు ఇదే రంగుల్ని పాత టయోటా కనెక్టరులో చూడండి. అక్కడ నలుపు వెనక ఎడమ స్పీకరు ప్లస్, పసుపు దాని మైనస్, ఎరుపు వెనక కుడి స్పీకరు ప్లస్. ఎర్త్ బ్రౌన్ రంగులో, ఏసీసీ బూడిద రంగులో, నిలకడ కరెంటు పసుపు చార ఉన్న నీలం తీగలో ఉంటాయి. రంగుకు రంగు చూసి కలిపిన మనిషి స్టీరియో బ్యాటరీ తీగనూ ఎర్త్ తీగనూ ఒకే స్పీకరు రెండు కొసలకీ తగిలించాడన్నమాట. కరెంటు రాని స్టీరియోను చూసి అది పాడైందనుకుంటాడు. ఒక కంపెనీలో ఎర్త్ అయినది ఇంకో కంపెనీలో స్పీకరు. జర్మన్ కార్లలో కూడా బ్రౌన్ అంటే ఎర్త్. అక్కడ రంగుల కన్నా అంకెలు నమ్మదగినవి: డిన్ 72552 ప్రమాణం ప్రకారం 30 అంటే బ్యాటరీ నుంచి నేరుగా, 15 ఇగ్నిషన్, 31 ఎర్త్, 58 లైట్లు. వైరింగ్ చిత్రం దొరికితే ఈ అంకెలే కనబడతాయి.

కాబట్టి మీటరు తీయండి. కనెక్టరు ముఖం ఒక కాగితం మీద గళ్ళుగా గీసుకుని, ఒక్కో గడిలో తీగ రంగు రాసుకోండి. బ్యాటరీ టెర్మినల్ తిరిగి పెట్టి, మీటరును డీసీ 20 వోల్టుల మీద ఉంచి, నల్ల ముల్లును రంగు లేని లోహానికి ఆనించండి. ఎర్ర ముల్లుతో ఒక్కో పిన్ను చూస్తూ వెళ్ళండి. తాళం లేకుండానే 12.4 నుంచి 12.6 దాకా చూపించేది నిలకడ కరెంటు. తాళం మొదటి మెట్టు తిప్పితే వచ్చి, తీస్తే పోయేది ఏసీసీ. పార్కింగ్ లైట్లు వేస్తే వచ్చేది ఇల్యూమినేషన్ (డ్యాష్‌బోర్డు వెలుతురు తీగ). జపనీస్ కార్లలో ఈ ఇల్యూమినేషన్‌కు రెండో తీగ కూడా ఉంటుంది, అది వెలుతురు తగ్గించే డిమ్మర్ గుండా ఎర్త్‌కు పోతుంది. దాన్ని స్టీరియో ఎర్త్ అనుకుని వాడితే డ్యాష్‌బోర్డు వెలుతురు తగ్గించినప్పుడల్లా స్టీరియో పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది, డిమ్మరు కూడా కాలిపోవచ్చు. నారింజ తీగను లైట్ల ప్లస్‌కే కలపండి, ఆ రెండోదాన్ని వదిలేయండి.

ఇప్పుడు బ్యాటరీ మళ్ళీ విప్పండి, మీటరును ఓమ్స్ మీదికి మార్చండి. అసలైన ఎర్త్ తీగ బాడీతో ఒక ఓమ్ లోపే చూపిస్తుంది. స్పీకరు జతల మధ్య మూడు, మూడున్నర ఓమ్స్ కనబడితే అది 4 ఓమ్స్ స్పీకరు. ఆ తర్వాత ప్రతి స్పీకరు తీగనూ బాడీతో చూడండి. అస్సలు కలవకూడదు. కలిస్తే రెండు కారణాలుంటాయి: ఎక్కడో తలుపు మడత దగ్గర తీగ ఒరిసిపోయి ఉండొచ్చు, లేదా ఆ కారులో స్పీకర్ల మైనస్‌లన్నీ ఒకే తీగతో బాడీకి కలిపి ఉండొచ్చు. 1970లు, 80ల తొలినాళ్ళ కార్లలో ఈ ఉమ్మడి ఎర్త్ పద్ధతి ఉండేది. ఇప్పటి స్టీరియోల్లో స్పీకరు రెండు తీగల్లోనూ కరెంటు నడుస్తుంది, ఏ ఒక్కటి బాడీకి తగిలినా లోపలి యాంప్లిఫయరు చిప్పు దెబ్బ తింటుంది. అలాంటి కారులో పాత తీగలతో రాజీ పడకండి. ప్రతి స్పీకరుకూ కొత్త జత తీగలు లాగండి. అర పూట పని, కానీ తప్పదు.

ఏ జత ఏ స్పీకరుదో, ఏది ప్లసో తెలుసుకోవడానికి పెన్సిల్ సెల్లు ఒకటి చాలు. సెల్లు రెండు కొసలూ ఒక జతకు క్షణం ఆనించి తీయండి. ఒక మూల నుంచి టప్‌మని శబ్దం వస్తుంది. స్పీకరు జాలీ తీసి కాగితపు శంకువును కళ్ళతో చూస్తూ మళ్ళీ ఆనించండి: అది బయటికి ఉబికితే సెల్లు ప్లస్ తగిలిన తీగే స్పీకరు ప్లస్, లోపలికి ఇమిడితే తారుమారు. ఆ సందులో శంకువు చుట్టూ ఉన్న ఫోమ్ అంచును కూడా చూడండి. చాలా ఏళ్ళ ఫోమ్ వేలు తగిలితే పిండిలా రాలుతుంది; అలాంటి స్పీకరుతో ఎంత మంచి స్టీరియో అయినా గరగరలాడుతుంది. వాటినీ ఈ పనిలోనే మార్చేయండి.

కంపెనీ యాంప్లిఫయరు ఉన్న కార్లలో సెల్లు పరీక్ష చేయకండి. బోస్ లాంటి పేరు స్పీకర్ల మీద ఉన్నా, డిక్కీలో లోహపు డబ్బా ఒకటి కనబడినా కారులో యాంప్లిఫయరు ఉన్నట్టే. వాటి స్పీకర్లు తరచు 2 ఓమ్స్ లేదా ఇంకా తక్కువ. కొత్త స్టీరియోను నేరుగా వాటికి కలిపితే వేడెక్కి ఆగిపోతుంది. ఆ కారు కోసమే చేసిన యాంప్లిఫయరు అడాప్టరు వాడి, తెల్ల చార నీలం తీగతో దాన్ని ఆన్ చేయించాలి. ఆ తీగ కలపకపోతే స్టీరియో పని చేస్తూనే ఉంటుంది, శబ్దం మాత్రం రాదు.

యాంటెన్నా, రేడియో స్టేషన్లు

దిగుమతి కార్లలో ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. జపాన్ ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకు ఉండేది, ఈమధ్య 95 దాకా పెంచారు. ప్రపంచంలో ఎక్కువ దేశాల్లో ఎఫ్ఎం 87.5 నుంచి 108 దాకా. అందుకే జపాన్ కారు కొత్త దేశంలో దిగగానే యాంటెన్నా వైరు మధ్యలో బ్యాండ్ ఎక్స్‌పాండరని చిన్న డబ్బా తగిలిస్తారు. అది ఇక్కడి స్టేషన్లను కిందికి జరిపి పాత రేడియోకు వినిపిస్తుంది. కొత్త స్టీరియోకు దాని అవసరం లేదు. పైగా ఉంచేస్తే స్టేషన్లన్నీ తప్పు అంకెల దగ్గర, ఇసుక రాలే చప్పుడుతో వస్తాయి. యాంటెన్నా వైరు పట్టుకుని వెనక్కి పోండి. డబ్బా కనబడితే దాన్నీ దాని కరెంటు తీగనూ తీసేసి యాంటెన్నాను నేరుగా స్టీరియోకు పెట్టండి.

అమెరికా కోసం చేసిన స్టీరియో కొంటే ఇంకో సర్దుబాటు ఉంటుంది. అక్కడ ఎఫ్ఎం స్టేషన్ల మధ్య మెట్టు 200 కిలోహెర్ట్జ్, ఏఎం మెట్టు 10 కిలోహెర్ట్జ్. యూరప్, ఆసియాల్లో ఏఎం మెట్టు 9. సెట్టింగుల్లో ప్రాంతం మార్చకపోతే కొన్ని స్టేషన్లు అసలు పట్టవు.

ప్లగ్గు కలవకపోతే అడాప్టరు వేయండి, కోసి అతకొద్దు. ఆ కేబుల్ తొడుగులోని అల్లిక తెగితే రేడియో బలహీనపడుతుంది. జర్మన్ కార్లలో యాంటెన్నా అడుగున చిన్న యాంప్లిఫయరు ఉండి, అదే కేబుల్లోంచి 12 వోల్టులు కోరుతుంది. వాటికి కరెంటు ఎక్కించే అడాప్టరు ఉంటుంది, దాని తీగను స్టీరియో నీలం తీగకు కలపండి. పైకి లేచే మోటారు యాంటెన్నా ఉన్నా ఈ నీలం తీగే. కానీ అది సంకేతం ఇవ్వడానికే, మోటారును నడిపేంత కరెంటు దానికి లేదు. కారులో రిలే లేకపోతే ఒకటి పెట్టాల్సిందే.

తీగలు అతకడం

కారు కనెక్టరులోకి సరిగ్గా దిగే అడాప్టరు హార్నెస్ (కనెక్టరుతో వచ్చే తీగల కట్ట) కొనండి. అతుకులన్నీ దానికీ స్టీరియో తీగలకీ మధ్యే, అదీ బల్ల మీద, మంచి వెలుతురులో పడాలి. కారులో తలకిందులుగా దూరి చేసిన అతుకు ఎప్పుడూ అరకొరే. అడాప్టరు మీద నమ్మకం పెట్టుకోకుండా మీరు గీసుకున్న కాగితంతో పిన్ను పిన్నూ సరిచూడండి.

సోల్డరింగ్ చేసినా, క్రింపింగ్ చేసినా పరవాలేదు, ఒక్కో అతుకుకూ వేడి చేస్తే ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ తొడుగు పడితే. తొడుగును ముందే తీగకు ఎక్కించి దూరంగా జరిపి ఉంచండి. మామూలు ఇన్సులేషన్ టేపు మాత్రం వద్దు. డ్యాష్‌బోర్డు లోపలి వేడికి దాని జిగురు కరిగి, కొన్నాళ్ళకు టేపు విడిపోయి తీగ బోసిగా నిలుస్తుంది. వాడని తీగల కొసలకు విడివిడిగా తొడుగు వేయండి, అన్నీ కలిపి ఒకే కట్ట కట్టొద్దు.

యూరప్ కార్లలో కనబడే ఐఎస్ఓ కనెక్టరుకు ఒక మెలిక. నల్ల బ్లాకులో 4వ పిన్ను నిలకడ కరెంటు, 7వది తాళం కరెంటు, 8 ఎర్త్. కానీ పాత ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్లలో 4, 7 తారుమారై ఉంటాయి. తాళం తీసిన ప్రతిసారీ గడియారమూ స్టేషన్లూ చెరిగిపోతుంటే కారణం దాదాపు ఇదే. అందుకే చాలా స్టీరియోల పసుపు, ఎరుపు తీగల మధ్యలో ఊడదీసి మార్చుకునే చిన్న జాయింట్లు పెడతారు. ఇంకా పాతవైతే స్టీరియో దగ్గరికి తాళం కరెంటు రానే రాకపోవచ్చు. అప్పుడు ఫ్యూజు పెట్టె నుంచి ఏసీసీ తెచ్చుకోవాలి.

ఫ్యూజు మాట దాటేయకండి. కొత్త స్టీరియో వెనక 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. పాత కారు రేడియో తీగ ఎంత సన్నదంటే దానికి 5 లేదా 7.5 ఆంపియర్ల ఫ్యూజే పెట్టి ఉంటారు. ఆ ఫ్యూజు పోతోందని పెద్దది వేస్తే ఫ్యూజుకు బదులు తీగ కాలుతుంది, డ్యాష్‌బోర్డు లోపల మంట అక్కడే పుడుతుంది. అలాంటి కారుకు బ్యాటరీ ప్లస్ నుంచి మందమైన తీగ ఒకటి విడిగా లాగి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టి, దాన్ని పసుపు తీగకు కలపండి. ఇంజన్ గోడలోంచి తీగ వచ్చే చోట రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి.

స్క్రీన్ ఉన్న స్టీరియో అయితే హ్యాండ్ బ్రేక్ తీగను నిజంగానే హ్యాండ్ బ్రేక్ స్విచ్చుకు కలపండి. దాన్ని ఎర్త్‌కు కలిపి మోసగించే అలవాటు చాలామందికి ఉంది. కారు నడిచేటప్పుడు డ్రైవరు కళ్ళు వీడియో మీదికి పోకుండా ఆపే ఏర్పాటు అది.

మూసేముందు పరీక్ష

బెజెల్ పెట్టకుండానే స్టీరియోను ఒక గుడ్డ మీద ఆనించి కనెక్టర్లు పెట్టండి, బ్యాటరీ కలపండి. తాళం తిప్పి ఆన్ చేసి, తీసి, మళ్ళీ తిప్పి మెమరీ నిలిచిందో చూడండి. బ్యాలెన్సు, ఫేడరు ఒక్కో మూలకు తోసి ఒక్కో స్పీకరు విడిగా వినండి. తర్వాత మధ్యకు తెచ్చి బేస్ ఎక్కువున్న పాట పెట్టండి. రెండు పక్కలా కలిపితే బేస్ బలహీనపడి, ఒక పక్కకు తోస్తే బలంగా వినబడితే ఒక స్పీకరు ప్లస్, మైనస్ తారుమారైనట్టు. లైట్లు వేసి వెలుతురు తగ్గుతోందా చూడండి. చివరగా ఇంజన్ ఆన్ చేసి, వైపర్లు, హీటరు ఫ్యాను ఒక్కొక్కటే వేసి వినండి.

ఇంజన్ వేగంతో పాటు ఈలలా పెరిగే శబ్దం వస్తే ముందు యాంటెన్నా ప్లగ్గు తీసి చూడండి. శబ్దం పోతే అది యాంటెన్నా దారిలో వస్తోంది. ఫెండరు మీద యాంటెన్నా అడుగున తుప్పు పట్టి బాడీ ఎర్త్ తెగి ఉంటుంది, అక్కడ గరుకు కాగితంతో రుద్ది బిగించండి. పోకపోతే స్టీరియో ఎర్త్ తీగను విప్పి, డ్యాష్‌బోర్డు వెనక రంగు గీకిన లోహానికి విడిగా బోల్టు వేసి బిగించండి. ఎక్కువసార్లు అంతటితో ఆగిపోతుంది. ఈల కాకుండా టకటకమని వేగంతో పెరిగితే స్పార్క్ ప్లగ్గు వైర్లు అనుమానించండి; రెసిస్టెన్స్ ఉన్న వైర్లు వేస్తే ఆ శబ్దం తగ్గుతుంది.

కూర్చోబెట్టడం

స్లీవ్ వాడే కారైతే దాన్ని ఖాళీగా రంధ్రంలో దూర్చి, ముందుగా రెండు పక్కలా చేతికి అందే రేకు నాలుకల్ని స్క్రూడ్రైవరుతో డ్యాష్‌బోర్డు గోడకు బిగిసేలా వంచండి. అన్నీ వంచక్కర్లేదు, స్లీవ్ కదలనన్ని చాలు. ఆ తర్వాత తీగల్ని ముందు తోసి స్టీరియోను వాటి మీదికి నెట్టే తప్పు పని చేయకండి. తీగల కట్టను కింద, పక్కన ఉన్న ఖాళీలోకి ఒక చేత్తో సర్దుతూ, ఇంకో చేత్తో స్టీరియో జరపండి. మధ్యలో ఆగితే బలం వేయొద్దు, బయటికి తీసి ఏది అడ్డుపడిందో చూడండి. క్లిక్‌మన్నాక హీటరు మీటలు ఈ కొస నుంచి ఆ కొస దాకా జరపండి. బిగుసుకుంటే లోపల కేబుల్ నొక్కుకుపోయింది.

స్టీరియో వెనక భాగాన్ని పట్టి ఉంచే పట్టీ కూడా బిగించండి. సింగిల్ డిన్ స్టీరియో ముందు భాగం మీదే వేలాడితే గతుకుల్లో ఊగి, పెళుసు డ్యాష్‌బోర్డును పగలగొడుతుంది. బ్లూటూత్ మైకును స్టీరింగ్ తిరిగే భాగాలకు దూరంగా, అద్దం దగ్గర గానీ ముందు అద్దం పక్క స్తంభం పైన గానీ పెట్టి, తీగను ఉన్న కట్టతోనే కట్టండి. స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే ఆ దారి వద్దు.

అన్నీ అయ్యాక రాత్రికి ఒక పరీక్ష మిగిలింది. తాళం తీసి, తలుపులు మూసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కూ దాని కేబుల్‌కూ మధ్య మీటరును 10 ఆంపియర్ల అరలో వరుసగా కలపండి. కాసేపటికి అంకె 50 మిల్లీ ఆంపియర్ల లోపు దిగాలి. అలా ఉన్నంతసేపూ ఇంజన్ స్టార్ట్ చేయకండి, మీటరు పోతుంది. అంకె దిగకపోతే స్టీరియో ఫ్యూజు తీసి చూడండి. అప్పుడు దిగితే తాళం తీసినా స్టీరియో నిద్రపోవట్లేదు, ఎరుపు తీగకు నిలకడ కరెంటు అందుతోంది.

పాత స్టీరియో, దాని అసలు బోల్టులు, తీసేసిన బ్యాండ్ ఎక్స్‌పాండరు ఒక డబ్బాలో వేసి, మీరు గీసుకున్న కనెక్టరు కాగితాన్ని దానిలోనే పెట్టండి. ఆ కాగితం నకలు ఒకటి కారు పుస్తకాల మధ్య ఉంచండి.